ఇరవై మూడు పళ్ళు

నోట్లో పెట్టి చూసే చిన్న అద్దాలను జాప్రియన్ ఒక్కొక్కటిగా అరచేతిలో దాచి వెచ్చబెడుతున్నాడు. పిల్లల నాలుకకు ఇనుము చల్లగా తగలకూడదని ముప్పైయొక్క ఏళ్ళుగా చేస్తున్న పని. ఎవరూ చెయ్యమనలేదు. చేస్తున్నాడని ఎవరూ గమనించనూ లేదు.

ఏడో తరగతిలో బడి మానేసి ఇటుకల బట్టీకి, అక్కణ్ణించి డాన్యూబు నది ఒడ్డునున్న ఈ పిల్లల పళ్ళ ఆసుపత్రికి వచ్చాడు. వేళ్ళు మందునీళ్ళలో నానీ నానీ తెల్లగా ముడతలు దేరాయి. పండక్కి పూలగుత్తులు డాక్టర్లకే. పటకార్లు కడిగేవాడికి పూలు ఎవడిస్తాడు? పింఛనుకు ఇంకా మూడు నెలలుంది.

ఆ పొద్దున కుర్చీలో ఎనిమిదేళ్ళ రలిత్సా. ముందుపన్ను ఊడి రెండేళ్ళయినా కొత్తది రాలేదు. డాక్టర్ కల్చెవా చిగురు కోసి చూస్తే దారికి అడ్డంగా చిన్న గడ్డ, దాని నిండా బియ్యపు నూకల్లాంటి పళ్ళు. ఒక్కొక్కటి తీసి గుడ్డ మీద పెట్టింది. ఇరవై మూడు.

"ప్రమాదం లేని గడ్డలాగే ఉంది. అయినా రాజధానికి, సోఫియాకు పంపి పరీక్ష చేయిస్తేగాని తల్లికి మాటివ్వలేను. సీసాలో వెయ్యి, జాప్రియన్," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. తల్లి వరండాలో గోడకానుకుని నిలబడి ఉంది. ఆమె చెల్లెలు దవడలో గడ్డతోనే పోయింది.

జాప్రియన్ పిల్ల గడ్డం తుడిచాడు. పీకిన ప్రతి పాలపన్నునూ దూదిలో చుట్టి ఇంటివాళ్ళకివ్వడం అతని అలవాటు. కప్పు మీదికి విసిరితే కాకి పట్టుకెళ్ళి, బదులుగా ఇనుములాంటి గట్టి పన్ను ఇస్తుందని అక్కడివాళ్ళ నమ్మకం. చేతులు వాటంతటవే ఆ ఇరవై మూడింటినీ దూదిలో చుట్టి, కుర్చీ పక్కనే ఉన్న పిల్ల అమ్మమ్మకు అందించాయి.

"ఒక్క పన్ను రాలేదని ఏడుస్తూ ఇన్ని దాచుకున్నావుటే, దొంగపిల్లా?"

"ఇన్ని ఇనప పళ్ళు నాకెక్కడ పడతాయి, అమ్మమ్మా?" రలిత్సా మాట దూది మధ్య ముద్దగా వచ్చింది.

"నాకో నాలుగిద్దువుగాని."

అమ్మమ్మ పెరట్లోకెళ్ళి దూది విప్పి విసిరింది. రేకుల కొట్టు మీద గలగల వినబడ్డాకే తన చేతిలోని సీసా ఖాళీగా ఉందని జాప్రియన్ చూసుకున్నాడు.

నిచ్చెన తెచ్చి వేశాడు.

"కాకికిచ్చింది వెనక్కి తీసుకుంటావా? కళ్ళు పోతాయి నాయనా," అంది ముసలామె.

"దానికి నా పళ్ళిస్తానమ్మా, ఎలాగూ ఊడుతున్నాయి. అవి దొరక్కపోతే మీ అమ్మాయికి ఈ జన్మలో నిద్ర పట్టదు."

ఆమె వచ్చి నిచ్చెన పట్టుకుంది.

మోకాళ్ళ మీద పాకుతూ, రేకుల గాడుల్లో కుళ్ళిన ఆకులు తోడుతూ గంటసేపు ఏరాడు. ఎడమచెయ్యి బరువెక్కింది. దిగి సీసాలో వేసి, డాక్టరు ముందు పెట్టాడు.

"పొరపాటు నాదేనమ్మా. కాకికిచ్చేశాను. నాలుగు దొరకలేదు."

ఆవిడ సీసాను వెలుతురుకు పట్టింది. "పంతొమ్మిది చాలు. గడ్డ పొర వీటికి అంటుకునే ఉంది, పరీక్ష చేసేవాళ్ళకు కావలసింది అదే." తిట్టబోయి అతని ముఖం చూసింది. "అదేంటి, అలా పాలిపోయావు? వెళ్ళి కాసేపు కూర్చో."

కడిగే గదిలో పీట మీద కూర్చున్నాడు. మధ్యాహ్నం నర్సు వచ్చి పిలిస్తే పలకలేదు. గోడకు తల ఆనించి అలాగే ఉన్నాడు; చెయ్యి ముట్టుకుంటే చల్లబడిపోయి ఉంది.

పది రోజులకు సోఫియా నుంచి కాగితం వచ్చింది. భయం లేని గడ్డ. తల్లి ఆ ముక్క మూడుసార్లు చదివించుకుంది.

కొట్టు మీద, పొగగొట్టం పక్కన, ఆ రోజు పళ్ళు ఏరుతూ జాప్రియన్ తీసి పెట్టిన ఊలు టోపీ, రాత్రి వానకు తడిసి, పొద్దుటెండకు సన్నగా ఆవిరి విడుస్తోంది.