ప్రహరీ గోడ కేసు

హైదరాబాదు హైకోర్టులో కేసు నడుస్తుంటే ఇక్కడ దోహాలో, ఉమ్ ఘువైలినాలోని ఒక ఇరుకు గదికి చెమటలు పట్టాయి. గజేందర్ ఫోన్‌ను బియ్యం డబ్బాకు ఆనించి నిలబెట్టి, దాని ముందు మఠం వేసుకుని కూర్చున్నాడు. శుక్రవారం కాబట్టి గదిలో ఎవరికీ డ్యూటీ లేదు, అదొక్కటే అదృష్టం. కోర్టు వీడియో లింకు పంపిన తన వకీలు, "ఊకె సూడుండ్రి, నోరు మాత్రం తెరువకుండ్రి" అని మరీ మరీ చెప్పాడు.

కేసు ఊరి బడి ప్రహరీ గోడది. ఖతర్ రాకముందు గజేందర్ చిన్న కాంట్రాక్టరు. అప్పు తెచ్చి ఆ గోడ కట్టించాడు. ప్రభుత్వ ఇంజనీరు వచ్చి, కొలిచి, బాగుందని రాసి పోయాడు. బిల్లు మాత్రం రాలేదు. ఆఫీసుల చుట్టూ తిరిగి చెప్పులరిగాక కోర్టుకెక్కాడు. అప్పులవాళ్లు ఊరుకోరుగా, విమానం కూడా ఎక్కాడు.

అంతకంటే పెద్ద బాధ ఈ గదిలోనే ఉంది. ఆ గోడ కట్టిన మేస్త్రి గంగన్న కూలి రాక తానూ ఖతర్ వచ్చి, ఏం కర్మో, ఇదే గదిలో పడ్డాడు. "సర్కారు ఇయ్యలేదని నాటకాలాడుతుండు, పైసలు మింగిండు" అన్న నాటి నుంచి గజేందర్‌తో ఆయనకు మాటల్లేవు. ఉప్పు కావాలన్నా మధ్యలో మక్బూల్ ఉండాలి. "మక్బూల్ భాయ్, ఉప్పు డబ్బ ఇటియ్యుమని ఆయనకు చెప్పు." వెస్ట్ బేలో ఆఫీసు కారు నడిపే నిజామాబాదు మక్బూల్, పక్కపక్కన కూర్చున్న మనుషులకు మాటలు మోసి మోసి విసిగిపోయాడు. ఇవాళ కోర్టు ఇంగ్లిష్‌కు అర్థం చెప్పే పనీ ఆయన నెత్తినే పడింది.

"అచ్చింది! మన కేసే!" అని మక్బూల్ అరవగానే గజేందర్ ఫోన్ మీదికి వంగాడు. గంగన్న మంచం మీద అటు తిరిగే పడుకున్నాడు, చెవులు మాత్రం ఇటే.

ప్రభుత్వ వకీలు ఏదో గడగడా చదివాడు.

"ఏమంటుండు భాయ్?" అన్నాడు గజేందర్.

"గోడ పగుళ్లు వట్టిందంట. గందుకే బిల్లు ఆపిండ్రంట."

గంగన్న మంచం మీంచి ఒక్క దూకు దూకాడు. ఆ ఊపుకు ఫోన్ జారింది. గజేందర్ గబుక్కున పట్టుకున్నాడు, బొటనవేలు పోయి పోయి మైకు గుర్తు మీదే పడింది.

"నేను కట్టిన గోడకు పగులా? ఎవడన్నడు?"

తెర మీద జడ్జి గారు తలెత్తారు. "ఎవరయ్యా అది?" అన్నారు తెలుగులో.

కేసు చేజేతులా పోయిందనుకున్నాడు గజేందర్. గంగన్న ఫోన్ ముందు చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మేస్త్రి గంగన్నను సార్. ఆ గోడ నేనే కట్టిన. మొన్నటి వానలకు సుత చెక్కు చెదరలె. ఎవలనన్న పంపి సూడుండ్రి."

"నీ కూలి నీకు ముట్టిందా?"

గజేందర్ తల వంచుకున్నాడు. మింగిండని ఆ మనిషి ఇప్పుడొక్క మాటంటే అంతే సంగతులు. గంగన్న ఆయన వంక చూసి, మళ్లీ ఫోన్ వైపు తిరిగాడు.

"ముట్టలె సార్. సర్కారు ఆయనకే ఇయ్యలేదని ఇప్పుడే ఇన్న, ఆయన నాకెక్కడికెల్లి తెస్తడు? ఆయనకస్తే నాకిస్తడు."

గజేందర్‌కు కళ్ల ముందు ఫోన్ మసకబారింది.

జడ్జి గారు ప్రభుత్వ వకీలు వైపు తిరిగారు. మీ ఇంజనీరే బాగుందని రాశాక పగులెక్కడి నుంచి వచ్చిందని అడిగారు. ఆయన కాగితాలు తిరగేసి, చివరికి నిధుల్లేవన్నాడు. అది జవాబు కాదంటూ జడ్జి గారు ఇంగ్లిష్‌లో ఉత్తర్వు చెప్పడం మొదలుపెట్టారు. మక్బూల్ చెవి ఫోన్‌కు ఆనించి విన్నాడు.

"రెండు నెలలల్ల కట్టాలంట! వడ్డీతోని!"

గది గదంతా లేచింది. ఒకడు పళ్లెం వాయించాడు, ఇంకొకడు అరబ్బీలో "యల్లా!" అంటూ గంతేశాడు. గజేందర్ ఏడుస్తూ నవ్వుతున్నాడు. గంగన్న ఆయన భుజం పట్టి గట్టిగా కుదిపాడు.

"గజేందరన్నా! మొదలు గా మైకు బందువెట్టు! కోర్టంత ఇంటుంది!"

గజేందర్ మైకు సంగతే మరిచి ఆయన ముఖం చూస్తూ ఉండిపోయాడు. మక్బూలే చేయి చాపి ఫోన్ కట్టేశాడు.

"ఇగ నా డ్యూటీ ఖలాస్" అని తువ్వాలు భుజాన వేసుకుని, జుమా నమాజుకు ముందు స్నానం చేయడానికి వెళ్లిపోయాడు.