తేనెరంగు బ్యాగు

"ఇది తెగింది కాదమ్మా, కోసింది," అన్నాడు బ్యాగులు కుట్టే హనీఫ్ చాచా, పాత బ్యాగు పట్టీని కళ్ళద్దాల దగ్గరికి తెచ్చుకుని. "బ్లేడు పని."

పౌలమి గుహకు ఆ సంగతి నిన్న మధ్యాహ్నం నుంచే తెలుసు. గరియాహాట్ బజారులో బైకు మీద ఇద్దరు ఆమెను రాసుకుంటూ పోయారు. భుజం మీద చల్లగా ఏదో తగిలింది. పట్టీ సగం తెగి సగం నిలిచింది. బ్యాగును గుండెకు హత్తుకుని పక్కనున్న చీరల కొట్లోకి పరుగెత్తింది. ఆ సగం పట్టీ కూడా తెగి ఉంటే నిన్ననే అంతా అయిపోయేది.

బ్యాగులో రెండు కెమెరాలు, మూడు లెన్సులు ఉన్నాయి. వాళ్ళకు కావలసింది అవి కావు. ఒక మెమరీ కార్డు.

తొమ్మిది రోజుల కిందట ఆమె సుందర్‌బన్‌లో పడవ మీద కూర్చుని లకుముకిపిట్టను ఫోటో తీసింది. ఇంటికొచ్చి ఫోటోను పెద్దది చేసి చూస్తే, పిట్ట వెనక దూరంగా ఒక చేపల ట్రాలర్ కనిపించింది. దాని మీద ఇద్దరు కలిసి మూడోవాణ్ణి నీళ్ళలోకి తోస్తున్నారు. వరసగా పద్నాలుగు ఫోటోలు. తోస్తున్నవాళ్ళ మొహాలు స్పష్టంగా ఉన్నాయి. మూడోవాడి ఒంటిమీద అటవీశాఖ ఖాకీ. మర్నాడు పేపర్లో నాలుగు లైన్ల వార్త పడింది. ఫారెస్టు గార్డు సనాతన్ మృధా కనిపించడం లేదు.

ఆమె ఆ మాట ఒక్కరికే చెప్పింది. పదకొండేళ్ళ కిందట తన చేతిలో మొదటిసారి కెమెరా పెట్టిన తీర్థంకర్ భాదురికి. అందరికీ ఆయన తీర్థదా, అంటే తీర్థ అన్న. "ఇక్కడి పోలీసుల దగ్గరికి పోకు. ఆ ట్రాలర్ యజమాని మనుషులు ప్రతి స్టేషన్లోనూ ఉన్నారు," అన్నాడాయన. "ఫోన్లో పంపకు, నెట్‌లో పెట్టకు. కోర్టుకి అసలు కార్డే కావాలి. సిలిగురిలో నాకు నమ్మకమైన అధికారి ఉన్నాడు, ఇద్దరం వెళ్ళి ఇద్దాం." గార్డు భార్య తరఫున హైకోర్టులో కేసు వేసిన లాయరు పేరు పేపర్లో చూసి పౌలమి చెబితే, "లాయర్ల నోట్లో నువ్వుగింజ నానదు," అని కొట్టిపారేశాడు.

ఆమె విన్నది. ఆ తర్వాతే మొదలైంది. గది తాళం పగలగొట్టి లాప్‌టాప్ ఎత్తుకుపోయారు. ఎవరికీ చెప్పకుండా బెహాలాలో స్నేహితురాలింటికి మారితే, తెల్లారేసరికి ఎదురుగా టీ కొట్టు దగ్గర ఒకడు నిలబడి ఉన్నాడు. ఇంకెక్కడికి పోయినా ఎవరో ఒకరు తనకంటే ముందే వచ్చి కూర్చున్నట్టుండేది.

ఇవాళ రెండున్నరకి హౌరాలో రైలు. ఇప్పుడు పన్నెండు దాటింది.

"పట్టీ కుట్టించుకుని పోదాం పద," అన్నాడు తీర్థదా. కొట్టు గుమ్మంలో స్టూలు వేసుకుని మట్టి ముంతలో టీ తాగుతున్నాడు. "కొత్తదెందుకు ఇప్పుడు?"

"నారింజరంగు, దాదా. ప్లాట్‌ఫారం ఆ చివర నుంచి కూడా కనిపిస్తుంది. మార్చాల్సిందే."

ఆయన ఒక్క క్షణం ఆలోచించాడు. "అయితే అదిగో, అది తీసుకో." గోడకు వేలాడుతున్న తేనెరంగు తోలు బ్యాగును చూపించాడు. ఇత్తడి కొక్కేలు, మెరుస్తున్న పట్టీ. "నీకు బాగుంటుంది."

"అది పెళ్ళికూతురి పక్కన పెట్టి ఫోటో తీయడానికి, బాబూ," అన్నాడు చాచా. "ప్రయాణానికి కాదు." బల్ల కింద నుంచి బూడిదరంగు గుడ్డ బ్యాగు ఒకటి తీశాడు. "ఇది చూడమ్మా. జిప్పు వీపు వైపుంటుంది. వెనక నిలబడ్డవాడు తెరవలేడు. వానకి తొడుగుంది. దొంగ చూస్తే టిఫిన్ డబ్బా అనుకోవాలి. కెమెరా బ్యాగంటే అదీ."

"ముప్ఫై నిండకుండానే దాన్ని హెడ్‌మాస్టర్‌ని చేసేస్తావా చాచా?"

"హెడ్‌మాస్టర్ బ్యాగు ఎవడైనా కొట్టేశాడని విన్నావా?"

తీర్థదా నవ్వాడు గానీ చూపు తేనెరంగు బ్యాగు మీద నుంచి కదల్లేదు. "పౌలమీ, నా మాట విను. అందంగా ఉంటే అధికారుల ముందు కూడా ఒక గౌరవం ఉంటుంది. ఇది తీసుకో."

ఆ గల్లీలో బ్యాగును ఉత్తినే చేతిలో పెట్టి పంపరు. ఉన్న సరుకంతా బల్లమీద పరిపించి, ఒక్కోదాన్నీ కొలిచి, దానికి తగ్గట్టు లోపలి స్పాంజి గోడలు కోసి కుట్టి ఇస్తారు. పౌలమి ఒక్కొక్కటే తీసి పరిచింది. చాచా పాత బ్యాగులోని గోడలు కొలతకోసం ఊడదీసి ఆమె ముందు పెట్టసాగాడు.

మూడో గోడను ఆమె తిరగేసింది. అడుగున నల్లటేపు అతికించి ఉంది. దాని కింద గుండ్రంగా, రూపాయి కాసంత ఉబ్బు.

తాళాల గుత్తికి తగిలించుకునే బిళ్ళ. పోగొట్టుకుంటే ఎక్కడుందో ఫోన్లో చూపిస్తుంది. బెహాలాలో టీ కొట్టు దగ్గర మనిషి ఎలా వచ్చాడో ఆమెకు అర్థమైంది.

ఆ తర్వాత ఆమె టేపు అంచు చూసింది. ఒక మూల త్రికోణంగా లోపలికి మడిచి ఉంది.

"రేపు పీకాల్సిన టేపుకి ఇవాళే చెవి పెట్టాలి," అనేవాడు తీర్థదా, లైటు స్టాండుకి టేపు చుట్టిన ప్రతిసారీ. ఆయన చేతివేళ్ళు ఆలోచించకుండానే ఆ మూల మడిచేస్తాయి. ఆయన దగ్గర నేర్చుకున్నందుకు తన వేళ్ళు కూడా అంతే. కానీ ఈ టేపు తను వెయ్యలేదు.

పోయిన ఆదివారం ఇద్దరూ టీకి ఆగినప్పుడు, "నా బ్యాగు చూస్తుండండి దాదా," అని చేతులు కడుక్కోవడానికి వెళ్ళింది. ఫోటోగ్రాఫర్ తన బ్యాగును కన్నతల్లికైనా వదలడు, తోటి ఫోటోగ్రాఫర్‌కి మాత్రం రెండో ఆలోచన లేకుండా వదిలేస్తాడు.

"అదేంటమ్మా?" అన్నాడు చాచా, మెడ సాచి.

గుమ్మం దగ్గర ముంత పెదవుల దాకా వెళ్ళి ఆగింది. పౌలమి అటు చూడలేదు.

"స్పాంజి ఊడిపోతుంటే నేనే అంటించాను చాచా." గోడను మళ్ళీ బోర్లించింది. వేళ్ళను బల్లకు అదిమిపెట్టింది.

ముంత పెదవులను తాకింది. "కార్డు జాగ్రత్తగానే ఉందిగా?" అన్నాడు తీర్థదా. పొద్దున్నుంచి ఈ మాట అడగడం ఇది నాలుగోసారి. ఇప్పటిదాకా అది ఆప్యాయత అనుకుంది.

"ఇదిగో, కార్డుల పర్సులో."

"అందులో ఎనిమిదున్నాయి. ఏది?"

"నాకు తెలుసుగా దాదా."

"నాకు చెబితే మాత్రం ఏం పోయింది? దారిలో నీకేమైనా అయితే?"

ఆయన తల వెనక, గల్లీ అవతల, బైకుకు ఆనుకుని ఒకడు నిలబడి ఉన్నాడు. ఎండలో హెల్మెట్ తియ్యలేదు. తేనెరంగు తోలు, ఇత్తడి కొక్కేలు. వెయ్యి నల్ల బ్యాగుల మధ్య హౌరాలో అది దీపంలా కనిపిస్తుంది. నమ్మకమైన అధికారి సిలిగురిలో ఉన్నాడో లేడో గానీ, తను సిలిగురి చేరదు. సనాతన్ మృధాకి నీళ్ళు, తనకి రైలు పట్టాలు.

అరిస్తే? గల్లీలో జనం పోగవుతారు. తీర్థదా ఆశ్చర్యపోయినట్టు నిలబడతాడు. ఆ గందరగోళంలో హెల్మెట్ మనిషికి పర్సు లాక్కోవడానికి అర నిమిషం చాలు.

"సరే దాదా," అంది. "మీరు చెప్పిందే. ఆ తేనెరంగుదే తీసుకుంటాను."

ఆయన భుజాలు కిందికి దిగాయి. బరువు దించుకున్న మనిషిలా ఊపిరి వదిలాడు. ఆమెకు బిళ్ళ చూసినప్పటికంటే అప్పుడు ఎక్కువ భయం వేసింది.

చాచా కొయ్య కర్రతో బ్యాగు దించి ఆమె చేతికిచ్చాడు. ఆమె పర్సును దాని ముందు జేబులో పెట్టి, భుజానికి తగిలించుకుంది. "అద్దంలో చూసుకుంటాను చాచా. అద్దం అటక మీద ఉందిగా?"

అటక మీద అద్దమేమీ లేదు. అక్కడ కుట్టుమిషను, తోలు ముక్కలు, చాచా భార్య సకీనా చాచీ ఉంటారు. చాచా కళ్ళద్దాల పైనుంచి పౌలమి మొహంలోకి చూశాడు. తర్వాత కోసిన పట్టీ వైపు చూశాడు.

"ఉందమ్మా. ఓ మూల పగిలింది గానీ మొహం కనిపిస్తుంది."

"నా సరుకు చూస్తుండండి, దాదా."

తీర్థదా బల్ల వైపు చూశాడు. రెండు కెమెరాలు, మూడు లెన్సులు. పదకొండేళ్ళలో ఆమె తినకుండా కొన్నవి. ఏది ఎప్పుడు కొన్నదో ఆయనకు తెలుసు, సగం ఆయనే కొనిపించాడు. వాటిని వదిలి ఏ ఫోటోగ్రాఫరూ పోడు. ఆయనకు అంతకంటే గట్టి తాళం అక్కర్లేదు. స్టూలు మాత్రం లోపలికి, అటక నిచ్చెన మొదట్లోకి జరుపుకున్నాడు. "తొందరగా రా."

అటక మీద నిటారుగా నిలబడటానికి వీల్లేదు. చాచీ మిషను ఆపి తలెత్తింది.

"ఆపకండి," అంది పౌలమి గుసగుసగా. "తొక్కుతూనే ఉండండి. వెనక మెట్లు తెరిచున్నాయా?"

"ఉన్నాయి. ఏమైందే, మొహంలో రక్తపుబొట్టు లేదు. కింద ఉన్నవాడా?"

"వాడూ, ఇంకొందరూ."

చాచీ కాళ్ళతో మిషను తొక్కుతూనే, మూలనున్న తన బజారు సంచిని ముందుకు తోసింది. నైలాను సంచి. బచ్చలికాడలు బయటికి వేలాడుతున్నాయి, అడుగున కాగితంలో చేప. పౌలమి తేనెరంగు బ్యాగును అక్కడే దించి, పర్సును చేప కిందికి తోసేసింది. చాచీ తన దుపట్టా తీసి ఆమె తలమీద కప్పి, గడ్డం కిందికి లాగింది.

కింద నుంచి గొంతు. "పౌలమీ? ఎంతసేపు?"

"ఆడపిల్ల అద్దం ముందుంటే గడియారం చూడకూడదు బాబూ," అని అరిచింది చాచీ. "మీ ఇంట్లో ఆడవాళ్ళు లేరా?"

ఆ అరుపు మాటున పౌలమి వెనక మెట్లు దిగింది. తీర్థదా ఎన్నడూ తనలా కుట్టేవాళ్ళ పక్కన కూర్చున్న మనిషి కాదు. ఈ మెట్ల సంగతి ఆయనకు తెలియదు. తెలియదనే ఆశ మాత్రమే ఆమెకుంది.

మెట్ల మొదట్లో, సన్నటి సందుకు అడ్డంగా, రెండో బైకు ఉంది.

దాని మీద ఒకడు కూర్చుని ఫోన్లోకి చూస్తున్నాడు. ఒక కాలు ఎదురు గోడకు తన్నిపెట్టాడు. పౌలమి వెనక్కి పోలేదు. వెనక నిచ్చెన చప్పుడు వినిపించిందేమో, వినిపించిందని తనే అనుకుందేమో. ముందుకే నడిచింది. వాడు తలెత్తాడు. దుపట్టాను, సంచిని, బచ్చలికాడలను చూశాడు.

"కాలు తీస్తావా నాయనా," అంది, చాచీ గొంతు అరువు తెచ్చుకుని. "చేప కారుతోంది, నీ ప్యాంటు మీద పడుతుంది."

వాడు మొహం చిట్లించి కాలు తీశాడు. మళ్ళీ ఫోన్లోకి చూసుకున్నాడు. అందులో బిళ్ళ చూపిస్తున్నంతవరకు ఆమె ఇంకా కొట్లోనే ఉంది.

సందు చివరిదాకా పరుగెత్తకుండా నడవడం ఆమె బతుకులో చేసిన అన్ని పనుల్లోకీ కష్టమైనది. పసుపురంగు టాక్సీ దొరికింది. "హైకోర్టు," అంది.

రెండో సిగ్నల్ దగ్గర ఫోన్ మోగింది. తీర్థదా. మూడుసార్లు మోగనిచ్చి ఎత్తింది.

"ఎక్కడున్నావు?" ఆయన గొంతులో కోపం లేదు, నమ్మలేకపోవడం ఉంది. "కెమెరాలు ఇక్కడే ఉన్నాయి. పౌలమీ, ఇవన్నీ ఇక్కడే ఉన్నాయి."

ఆమె సంచిని ఒడిలోకి లాక్కుంది.

"వదిలేసి వెళ్ళావా?" వెనక ఇంకా మిషను చప్పుడు వినిపిస్తోంది. తర్వాత ఆయన గొంతు తగ్గింది. "తిరిగి రా అమ్మా. వాళ్ళు లోపలికొస్తున్నారు. నా కూతురి కాలేజీ పేరు చెప్పారు నాకు. బస్సు నంబరు కూడా చెప్పారు. నేనేం చెయ్యను చెప్పు?"

నిజమో, ఇదీ వలేనో ఆమెకు తెలియలేదు. పదకొండేళ్ళుగా ఆ గొంతు చెప్పిన ప్రతి మాటా నమ్మింది. "చాచాని, చాచీని ఏమీ చెయ్యనివ్వకండి, దాదా," అంది. అవతల ఫోన్ ఆగిపోయింది.

గార్డు భార్య తరఫు లాయరు మధుశ్రీ లాహిరి గది మూడో అంతస్తులో ఉంది. బజారు సంచితో, చేపనీళ్ళతో వచ్చిన మనిషిని చూసి గుమాస్తా అడ్డం లేచాడు. "సనాతన్ మృధా," అంది పౌలమి. ఆ పేరు విని లోపలి గది తలుపు దానంతటదే తెరుచుకున్నట్టు తెరుచుకుంది.

పర్సులో ఐదో కార్డు. తెరమీద ముందు లకుముకిపిట్ట వచ్చింది. తర్వాత దాని వెనక నీళ్ళు, ట్రాలర్, ఇద్దరు మనుషుల మొహాలు. లాయరు పద్నాలుగూ చూసింది. చూశాక మొదట చేసిన పని, గుమాస్తాను పంపి తలుపు గడియ పెట్టించడం. రెండోది, తనకు తెలిసిన ఒక పోలీసు అధికారిణికి ఫోన్ చేసి కొట్టు గుర్తులు చెప్పడం.

హనీఫ్ చాచా ఫోన్ ఇరవై నిమిషాలకు వచ్చింది.

"మేం బాగానే ఉన్నాం. నీ సామాను ఉంది, బల్ల కింద దాచాను." ఆయాసపడుతున్నాడు. "ఇద్దరొచ్చారమ్మా. అటక ఎక్కి చూశారు, చాచీ వాళ్ళని కత్తెరతో బెదిరించింది. పోలీసులు రావడానికి ముందే వెళ్ళిపోయారు. ఆ బాబుని మధ్యలో పెట్టుకుని తీసుకెళ్ళారు. బైకు మీద, ఇద్దరి మధ్యలో. టీ డబ్బులివ్వాలి అంటున్నాడు, ఆగనివ్వలేదు."

పౌలమి ఫోన్ బల్లమీద పెట్టింది. ఇప్పుడు తనకు భయం తగ్గాలి. తగ్గలేదు, ఇప్పుడది తన కోసం కాదు, తీర్థదా కోసం.

"మేడం, ఫిర్యాదులో ఇంకో పేరు రాయాలి," అంది. "తీర్థంకర్ భాదురి."

లాయరు కలం తీసింది. "ఏమని రాయమంటారు? వాళ్ళకి సాయం చేసినవాడనా, వాళ్ళు ఎత్తుకెళ్ళినవాడనా?"

"రెండూ నిజమే. ముందు రెండోది రాయండి. వెతకడం ఇప్పుడే మొదలుపెట్టమనండి."