రెండో చెయ్యి

షెడ్డు ఊడుస్తుంటే చీపురు దేనికో తగిలి చప్పుడైతే వంగి చూశాను. చక్రం కప్పు, బల్ల కింద బోర్లా పడి ఉంది. డ్రైవరు వైపు ముందు చక్రానిది. కారేమో ఇంట్లో లేదు. మా మరిది, అత్తయ్య, నా కూతురు అందులో బయల్దేరి కాసేపయింది. కొండ దిగి అవతల ఊళ్లో ఉన్న కంటి ఆసుపత్రికి వెళ్తున్నారు.

కప్పు లేకపోయినంత మాత్రాన కారుకు వచ్చే నష్టమేమీ లేదు. అది అలంకారమే. కానీ మా షెడ్డులో దానికో అర్థం ఉంది. విప్పిన చక్రాన్ని మళ్లీ ఎక్కించాక నట్లను ముందు చేత్తో తిప్పి ఉంచుతాం. జాకీ దించి, బండి బరువు నేల మీద పడ్డాక చివరి బిగింపు బిగిస్తాం. ఆ చివరి బిగింపు చక్రం ఎక్కించిన మనిషి చేయకూడదు, రెండో మనిషి చేయాలి. రెండో చెయ్యి పడ్డాకే కప్పు. ఈ రూలు పెట్టిందీ, గొంతు చించుకుని పాటింపజేసిందీ నేనే.

ఆ రెండో మనిషి మా తోడికోడలు. ఇంట్లో అందరూ ఆమెను చిన్నీ అంటారు. మా ఇంటి మగాళ్లకు కారు నడపడం వచ్చు, కడగమంటే కడగడం వచ్చు. బానెట్ ఎత్తితే మాత్రం బీరువా తెరిచి ఏ చీర ఎవరిదో తెలియనట్టు నిలబడతారు. అందుకే ఆయిలు మార్చడం నుంచి బ్రేకుల దాకా అన్నీ మేమిద్దరమే చూసుకుంటాం. నేను బండితో ఇచ్చిన పుస్తకం చదివి నేర్చుకున్నాను. ఆమె ఫోన్లో వీడియోలు చూసి నేర్చుకుంది. ఇద్దరం కలిస్తే ఒక మెకానిక్కుకు సరిపోయేవాళ్లం.

షెడ్డుకు మంచి సామాను కొందామనుకోవడంతో వచ్చింది తంటా. గట్టి పానాలు నాలుగైనా చాలు, కానీ ఒక టార్క్ పానా ఉండి తీరాలని నా పట్టుదల. నట్టు సరిపడా బిగియగానే టక్‌మని చెప్పే పొడుగాటి పానా అది. చిన్నీ నన్నొక్క మాట అడక్కుండా ఒక నల్లపెట్టె తెప్పించింది. తెరిస్తే తళతళలాడుతూ వరసలు వరసలుగా నట్లకు తొడిగే సాకెట్లు, మాకు ఏ జన్మకూ అక్కరకు రానివి కూడా. టార్క్ పానా మాత్రం అందులో లేదు. మొదటిరోజే ఒక సాకెట్టు నట్టు మీదే పగిలి ఆమె వేళ్లు గీసుకుపోయాయి. వెళ్లి కట్టు కట్టాల్సిన దాన్ని, నిలబడి "పైన పటారం, లోన లొటారం" అన్నాను. పెట్టెనే అన్నాను. ఆమె తననన్నానని పట్టుకుంది. నిజం చెప్పొద్దూ, కొంచెం ఆమెను కూడా అన్నాను.

ఆ రోజు నుంచి మా మధ్య మాటల్లేవు. వంటిల్లు వేరు పడలేదు గానీ షెడ్డు వేరు పడింది. బల్లకు ఆ చివర ఆమె పెట్టె, ఈ చివర నా పెట్టె. నేను విడిగా టార్క్ పానా కొనుక్కుని, నా పెట్టెలో పెట్టి తాళం కూడా వేశాను. దాని కోసం ఆమె వచ్చి నన్ను అడగాలని నా కోరిక.

బ్రేకు ప్యాడ్లు అరిగి కీచుమంటుంటే, చక్రాలు విప్పి కొత్తవి వేయాలని ఈ పొద్దున ఇద్దరం తప్పక షెడ్డులోకి దిగాం. ఎడమ చక్రం నాది, డ్రైవరు వైపు ఆమెది. నోళ్లు కుట్టేసుకున్నట్టు పని చేశాం. అవతలి నుంచి ఆమె పెట్టెలోని రాట్చెట్టు పిడి కర్ర్ కర్ర్‌మంటుంటే నాకు ఒళ్లు మండి, చివరి బిగింపు మధ్యలో తలెత్తి ఒక చూపు చూశాను. తర్వాత నా పని ముగించి, కప్పు కొట్టి, పానా లోపల పెట్టి తాళం వేసుకుని వెళ్లిపోయాను. ఆమె చక్రం ఆమే బిగించుకుంటుందిలే అనుకున్నాను. రూలు మర్చిపోయి కాదు, గుర్తుండే అలా చేశాను.

ఇప్పుడు ఆ కప్పు పట్టుకుని వంటింట్లోకి వెళ్లాను. చిన్నీ గిన్నెలు తుడుస్తోంది. నేను కిటికీతో మాట్లాడుతున్నట్టు అన్నాను.

"ఎవరో కప్పు పెట్టడం మర్చిపోయినట్టున్నారు."

ఆమె చేతిలోని గిన్నెకు జవాబిచ్చింది. "పెట్టాల్సినవాళ్లు పెట్టాలి. మధ్యలో నాకేం సంబంధం?"

"ఎవరి చక్రానికి వాళ్లు పెట్టుకుంటే సరి."

"అబ్బో! ఇదెప్పటినుంచి? రెండో చెయ్యి పడకుండా కప్పు పెట్టకూడదని ఊరంతా వినబడేలా అరిచినవాళ్లు ఎవరో!"

సరైన జవాబొకటి నాలుక చివరిదాకా వచ్చింది. ఆమె అన్నదాని అర్థం అప్పుడు తలకెక్కింది.

"చిన్నీ, ఆ చక్రానికి చివరి బిగింపు ఎవరు చేశారు?"

ఇన్నాళ్లకు పేరు పెట్టి పిలిచేసరికి ఆమె ఇటు తిరిగింది. "నువ్వే."

"నేను చేయలేదు."

"అక్కా, ఆటలాడకు. ఆ పానా నీ దగ్గరే కదా ఉంది? తాళం వేసుకుని కూర్చున్నావుగా? చివరి బిగింపు నేను దేంతో చేస్తాను? ఊరికే తిప్పి వదిలేశాను. కోపమున్నా పనికాడ రూలు తప్పవు కదా, నువ్వొచ్చి చూస్తావని..."

గిన్నె ఆమె చేతిలోంచి జారి సింకులో పడింది.

చిన్నీ తన మొగుడికి ఫోన్ చేసింది. మోగి మోగి ఆగిపోయింది. బండి నడిపేటప్పుడు అతను ఫోన్ నోరు నొక్కి సంచిలో పడేస్తాడు. ఆ మంచి అలవాటును ఇన్నాళ్లూ మెచ్చుకుంటూ వచ్చాను. అత్తయ్యకు చేస్తే ముందుగదిలోనే మోగింది. ఛార్జింగుకు పెట్టి మర్చిపోయి వెళ్లింది.

"స్కూటర్ తియ్యి అక్కా! పానా నేను తెస్తాను."

"తాళం వేసి ఉంది."

"తాళంచెవి ఎక్కడ?"

చెప్పడానికి సిగ్గేసింది. ఆమెకు దొరక్కూడదని బీరువాలో చీరల అడుగున దాచాను. ఇద్దరం పరిగెత్తాం. మడతలన్నీ నేలపాలు చేసి వెతికాను. తాళంచెవి ఒకసారి దొరికినట్టే దొరికి మళ్లీ బట్టల్లో కలిసిపోయింది. చివరికి చిన్నీయే చీరలు ఒక్కొక్కటీ దులిపి దాన్ని పట్టుకుంది.

స్కూటర్ నేను నడిపాను. వెనకాల ఆమె పానాను పసిపిల్లను పట్టుకున్నట్టు రెండు చేతులా పట్టుకుని కూర్చుంది. కొట్ల వీధి, బడి, పెట్రోలు బంకు దాటాం. ఆ దారి చివర రైల్వే గేటు ఉంది. గేటు దాటితే దిగుడే. ఒక పక్క కొండ, ఇంకో పక్క చిన్న పిట్టగోడ, దాని అవతల లోయ. ఆ మలుపుల్లో బరువంతా ముందు చక్రాల మీదే పడుతుంది.

"నట్లు ఎంతవరకు తిప్పావు?" అని అరిచాను.

"చెప్పాగా, కొంచెం!"

"కొంచెమంటే?"

"కొంచెమంటే కొంచెమే అక్కా! నన్నిప్పుడు లెక్కలడక్కు!"

"నాకొక్క మాట చెప్పొచ్చుగా!"

"నువ్వు మాట్లాడితేగా చెప్పడానికి?"

"నువ్వు మాట్లాడావా మరి?"

రోడ్డుకు అడ్డంగా వేసిన దిమ్మల మీద స్కూటర్ ఎగిరిపడింది. ఇవే దిమ్మల మీద ఆ కారూ ఎగిరిపడి ఉంటుంది, ఒక్కో కుదుపుకూ ఆ నట్లు ఇంకాస్త వదులై ఉంటాయి. కిటికీ పక్కన కూర్చుంటానని నా కూతురు గొడవ చేసింది. బాబాయ్ వెనకాల కూర్చోమని నేనే చెప్పి తలుపు వేశాను. తలుపు వేస్తూ కిందకి చూసి ఉంటే కప్పు లేని చక్రం కనిపించేది. చూడలేదు. షెడ్డు గుమ్మంలో చిన్నీ నిలబడి ఉందని అటు చూడకుండా మొహం తిప్పుకుని లోపలికి వచ్చాను. అది తలుచుకుంటే నా చెంప నేనే వాయించుకోవాలనిపించింది.

మలుపు తిరగగానే దూరంగా రైల్వే గేటు కనిపించింది. మూసి ఉంది. మూసిన గేటును చూసి సంతోషపడటం నా బతుకులో అదే మొదలు. ముందు లారీలు, ఆటోలు, కార్లు బారులు తీరి ఉన్నాయి. వరసకు మొదట్లో మా తెల్ల కారు, వెనక అద్దంలో అత్తయ్య తల.

"ఉంది! ఉంది అక్కా, అదే!"

రైలు పోతోంది. నేను రోడ్డు దిగి అంచున ఉన్న మట్టిలోంచి స్కూటర్ పోనిచ్చాను. వరస సగం దాటామో లేదో రైలు చివరి పెట్టె వెళ్లిపోయింది. గేటు దగ్గర మోగుతున్న గంట ఆగింది. గేటు లేవడం మొదలైంది. వెంటనే బళ్లన్నీ ఒకేసారి గుర్రుమన్నాయి, ఒక లారీ మా మీదికే జరిగి దారి మూసేసింది. హారను కొట్టాను. కొట్టేవాళ్లు అంతమంది ఉన్న చోట నా హారను ఎవడిక్కావాలి?

చిన్నీ పానా నా ఒళ్లోకి తోసి స్కూటర్ మీంచి దూకింది. చెప్పు ఒకటి అక్కడే ఊడిపోయింది. ఆటోల మధ్యలోంచి, తిట్లు తింటూ, కొంగు ఎక్కడో చిక్కుకుంటే లాక్కుంటూ పరిగెత్తింది. మా కారు కదిలింది. ఆమె వెనక డిక్కీ మీద చరిచింది. ఆగలేదు. అప్పుడు పక్కనుంచి ముందుకురికి, కదులుతున్న బండికి ఎదురుగా నిలబడి, రెండు చేతులూ బానెట్ మీద ఆనించింది.

బ్రేకు పడింది. కొత్త ప్యాడ్లు కదా, బాగానే పట్టాయి.

నేను స్కూటర్ అక్కడే పడేసి వెళ్లేసరికి మరిది తల బయటపెట్టి, "నీకేమైనా పిచ్చా? చచ్చేదానివి!" అని పెళ్లాం మీద అరుస్తున్నాడు. వెనక బళ్లన్నీ హారన్లు మోగిస్తున్నాయి. నేను ఎవరికీ ఏమీ చెప్పకుండా చక్రం దగ్గర కూలబడ్డాను. ఒక నట్టును రెండు వేళ్లతో పట్టుకుంటే సీసా మూతలా తిరిగింది. రెండోదీ అంతే. మూడోది చివరి మర మీద వేలాడుతోంది, ముట్టుకోగానే నా అరచేతిలో పడింది. దాన్ని పైకెత్తి మరిదికి చూపించాను.

"చక్రం గడగడలాడుతోందని నేను చెప్పానమ్మా," అంది నా కూతురు కిటికీలోంచి. "బాబాయ్ రోడ్డు బాలేదన్నాడు."

అత్తయ్య మా ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. "ఏమే, మీరిద్దరూ మాట్లాడుకుంటున్నారా?" అంది. ఆమెకు అప్పటికి అర్థమైంది అంతే.

గేటు దగ్గరి మనుషులు తలో చెయ్యి వేసి బండిని నెమ్మదిగా పక్కకు జరిపారు. పిల్లనూ అత్తయ్యనూ దించి దూరంగా నిలబెట్టాం. చిన్నీ డిక్కీలోంచి జాకీ తీసి ఎక్కించింది. చక్రాన్ని సరిగ్గా కూర్చోబెట్టి నట్లు చేత్తో ఎక్కించింది. జాకీ దించాక నేను టార్క్ పానా తీసుకుని ఎదురెదురు నట్లను ఒకదాని తర్వాత ఒకటి బిగించాను. టక్‌మన్న ప్రతిసారీ నా ఛాతీలోంచి కొంచెం బరువు దిగింది. నాలుగూ అయ్యాక లేచి, పానా చిన్నీ చేతికిచ్చాను.

"ఇప్పుడు నా చక్రం చూడు."

"అది నువ్వే బిగించావుగా అక్కా, ఇదే పానాతో."

"నేనే ఎక్కించాను, నేనే బిగించాను. రెండో చెయ్యి పడలేదు. చూడు."

నిజానికి మర్యాద కోసమే అన్నాను. ఆమె అడక్కుండానే పానా ఆమె చేతికివ్వాలనిపించింది. ఇంతమంది ముందు పరిగెత్తి బండిని ఆపిన మనిషికి అదన్నా చేయకపోతే ఎలా? నా చక్రం మీద మాత్రం నాకు ఇసుమంత అనుమానం లేదు.

చిన్నీ అటు వెళ్లి కప్పు ఊడదీసింది. మొదటి నట్టుకు పానా తగిలించి నొక్కింది. టక్. రెండోది, టక్. మూడోదానికి తగిలించింది. పానా తిరిగింది. చప్పుడు రాలేదు. ఆమె ఆగి, మళ్లీ నొక్కింది. ఇంకా తిరిగింది. దాదాపు సగం చుట్టు తిరిగాక గానీ అది టక్‌మనలేదు. నాలుగోది వెంటనే పలికింది.

పొద్దున రాట్చెట్టు చప్పుడుకు ఒళ్లు మండి తలెత్తి చూసిన ఆ చూపు గుర్తొచ్చింది. ఆ ఒక్క చూపుకు ఒక నట్టు తప్పిపోయింది. ఆమె చక్రం కోసం ఇంత దూరం పరిగెత్తుకొచ్చాం. నా చక్రం కోసం ఎవరూ వచ్చేవాళ్లు కాదు. దానికి కప్పు వేసి ఉంది కదా. నేను అక్కడే రాళ్ల మీద కూర్చుండిపోయాను. ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

పగిలిన సాకెట్టు గీసిన గాయం ఇంకా మానని చేత్తో చిన్నీ ఆ కప్పు మీది దుమ్మును కొంగుతో తుడిచింది, తళతళలాడేదాకా తుడిచింది. చక్రానికి పెట్టి అరచేత్తో ఒక్కటి చరిచింది. వచ్చి నా పక్కన కూర్చుంది. ఒక కాలికి చెప్పు లేదు.

"పైన పటారం," అంది మెల్లగా, చక్రాన్ని చూస్తూ.

"లోన లొటారం," అన్నాను నేను. ఈసారి పెట్టెనీ కాదు, ఆమెనూ కాదు.