అలమరా నడిచిన దూరం

వార్డు తుడిచే పిన్ని పొద్దున్నే చేసే మొదటి పని దారం చుట్టడం. రాత్రి డ్యూటీ సిస్టర్ నడిచినంత మేరా ఆవిడ మడమల వెంట జారిన తెల్లటి నూలు దారం నేలమీద పడి ఉంటుంది. ఆ ఆసుపత్రిలో నర్సులందరికీ అంతే, నడిస్తే దారం వస్తుంది. దాన్ని ఉండ చుట్టకుండా తడిగుడ్డ పెడితే చిక్కుపడి ప్రాణం తీస్తుంది. చుట్టిన ఉండల్ని పిన్ని చీపుర్ల గదిలో పేర్చి, వాటితోనే కొత్త మాపులు అల్లేది. నూలు కదా, తడిసి ఎండితే జానెడు కురచైపోతుందని ఎప్పుడూ కాస్త పొడుగ్గానే అల్లేది.

వార్డు మొత్తానికీ ఆవిడ పిన్ని. ఆ లెక్కన ఆవిడ మొగుడు అందరికీ బాబాయి. తాళాలు బాగుచేసుకునే ఆ మనిషికి మూర్ఛలు పట్టుకుని తొమ్మిదో నంబరు మంచం ఎక్కాడు. మూర్ఛ వచ్చినప్పుడల్లా వెంటనే ఒక ఇంజెక్షన్ పడాలి, ఆలస్యమైతే మనిషి దక్కడని డాక్టరు పిన్నికి చెప్పాడు. ఆ ఇంజెక్షన్ వార్డులో ఉండదు. రెండు మలుపుల అవతల, స్టోరు ముందున్న ఇనుప అలమరాలో ఉంటుంది. దానికి తాళం, తాళానికి స్టోర్‌కీపరు, స్టోర్‌కీపరుకి సంతకాల పుస్తకం.

"ఆ తాళం నాకొదిలెయ్యండి, గుండుసూదితో తీసిపెడతాను" అనేవాడు బాబాయి.

"మూర్ఛలో ఉండి తీస్తావా?" అనేది పిన్ని.

"అదొక్కటే చిక్కు."

ఆ రోజుల్లోనే బిజినెస్ స్కూల్లో పరిశోధన చేసే ఒకమ్మాయి మెడలో స్టాప్‌వాచీ వేసుకుని వార్డుకొచ్చింది. రెండో రోజుకల్లా లెక్కలమ్మాయి అయిపోయింది.

"వ్యాపారం చదివేవాళ్లకి ఇక్కడేం పనమ్మా?" అని పిన్ని అడిగేసింది.

"కొట్లో ఎక్కువ పోయే సరుకు చేతికందేలా పెడతారు కదా పిన్నీ, మందులూ అంతే. సిస్టర్లు దేనికోసం ఎంత నడుస్తున్నారో తేలితే, ఏది ఎక్కడుండాలో తెలుస్తుంది."

"నడక కొలవడానికి వాచీ ఎందుకు? ఇలా రా" అని పిన్ని చీపుర్ల గది తలుపు తీసింది.

లెక్కలమ్మాయి నెల రోజులు ఆ గదిలోనే కూర్చుని ఉండలు విప్పి కొలిచింది. సిస్టర్ వంగి మందు వెతికేటప్పుడు దారం అలమరా కాళ్లకి చుట్టుకుంటుంది, అక్కడ తుప్పు మరక పడుతుంది. ఆ మరకల్ని బట్టి తేలిందేమిటంటే, మూడు గజాల దారంలో రెండు గజాలు అలమరాకే పోతున్నాయి. ఇక వాచీ లెక్కన, మూర్ఛ మొదలైన తర్వాత ఇంజెక్షన్ పడటానికి సగటున ఇరవై నిమిషాలు.

ఆ కాగితం పట్టుకుని పెద్ద డాక్టరు దగ్గరికి వెళ్లింది.

"అలమరా మొదట్నుంచీ అక్కడే ఉంది. జరపాలంటే కమిటీ కూర్చోవాలి" అన్నాడాయన.

"ఎప్పుడు కూర్చుంటుంది సార్?"

"మీటింగు గది ఖాళీ అయినప్పుడు."

గది ఖాళీ కాలేదు. బాబాయికి మూర్ఛలు ఎక్కువయ్యాయి. పిన్ని మూడు రోజులు మంచం పక్కనుంచి లేవలేదు, దారం జోలికి పోలేదు. జనం దాన్ని దాటుకుంటూ తిరిగారు.

నాలుగో రోజు పది గంటలకి మళ్లీ మూర్ఛ వచ్చింది. సిస్టర్ వార్డు ఆ చివర ఒకరికి సెలైన్ ఎక్కిస్తూ ఉంది. లెక్కలమ్మాయి అలవాటుగా వాచీ నొక్కింది. చూడాలి, రాసుకోవాలి, చెయ్యి పెట్టకూడదు, పెడితే లెక్క చెడిపోతుందని ఆమెకి నేర్పారు. ఒక్క నిమిషం ఆగింది. తర్వాత కాగితాలు కిందపడేసి స్టోరుకి పరిగెత్తింది.

"మీరు స్టాఫ్ కాదు కదమ్మా" అన్నాడు స్టోర్‌కీపరు. చెడ్డవాడు కాదు. సంతకం లేకుండా ఇచ్చి ఒకసారి మెమో తిన్నవాడు. సిస్టర్ రావాలి, పుస్తకం తియ్యాలి, రాయాలి. ఇంజెక్షన్ పడేసరికి ఇరవై మూడు నిమిషాలయింది. పిన్ని అంతసేపూ బాబాయి తల ఒళ్లో పెట్టుకుని గుమ్మం వైపు చూస్తూనే ఉంది. చూడటం తప్ప ఆవిడ చేతుల్లో ఏమీ లేదు.

పదకొండు కాకుండానే బాబాయి పోయాడు.

బాబాయిని అప్పగించే కాగితాలు తయారయ్యేదాకా కూర్చోమన్నారు. పిన్ని కూర్చోలేకపోయింది. బకెట్టు తెచ్చుకుని తుడవడం మొదలుపెట్టింది.

"వదిలెయ్యి పిన్నీ" అంది సిస్టర్ ఏడుస్తూ.

"ఏదో ఒకటి చెయ్యనీ అమ్మా."

దారం చుట్టడానికి మాత్రం వేళ్లు రాలేదు. మూడు రోజుల దారం మీదే, తొమ్మిదో మంచం కాళ్ల దగ్గర్నుంచి అలమరా కాళ్లదాకా తడిగుడ్డ పెట్టేసింది. ఆ రోజు ఎండ బాగా కాసింది. వరండా ఆరింది, దారాలూ ఆరి కురచవుతూ వచ్చాయి. మంచాలు నేలకి బిగించి ఉన్నాయి. అలమరాకి బిగింపు లేదు.

ఒంటిగంటకి అలమరా కిర్రుమంది. తర్వాత మెల్లగా బయల్దేరింది. వరండాలో కూర్చున్నవాళ్లు కాళ్లు ముడుచుకుని దారిచ్చారు. మలుపుల దగ్గర గోడ సున్నం కాస్త రాలింది. వెనకాలే స్టోర్‌కీపరు పుస్తకం పట్టుకుని "ఆగాగు" అంటూ వచ్చాడు. అది వార్డు గుమ్మం పక్కకి వచ్చి ఆగింది.

పెద్ద డాక్టరు వచ్చి చూశాడు. "ఎవరు జరిపారు?"

"దారాలు సార్."

ఆయన గడ్డం గోక్కున్నాడు. "సరే, వెనక్కి జరపాలన్నా కమిటీయే కూర్చోవాలి. అప్పటిదాకా ఉండనివ్వండి."

పిన్ని వచ్చి అలమరా ముందు నిలబడింది. "మూడు గంటల ముందు రాలేకపోయావా?" అని దాన్నే అడిగింది. ఇంకెవర్ని అడగాలో ఆవిడకి తెలియలేదు.

స్టోర్‌కీపరు రెండు రోజులు అలమరా పక్కన స్టూలు వేసుకుని కూర్చుని, విసుగొచ్చి తాళంచెవి సిస్టర్‌కి ఇచ్చేశాడు.

పిన్ని మళ్లీ పనిలోకి వచ్చేసరికి తొమ్మిదో మంచం మీద ఒక కుట్టుపనామె ఉంది. లెక్కలమ్మాయి ఒక కాగితం చూపించింది. అలమరా రాకముందు పట్టిన నిమిషాలు ఒక వరస, వచ్చాక ఒక వరస. ఆ కాగితం చూసే మిగతా ఐదు వార్డులకీ గుమ్మం పక్కనే అలమరాలు పెట్టమని ఆర్డరు వచ్చిందట, కమిటీ కూర్చోకుండానే.

పిన్ని మొదటి వరస చివరి అంకె మీద వేలు పెట్టింది. "ఈ ఇరవై మూడు మా ఆయనేనా?"

"అవును పిన్నీ."

"పేరు రాయలేదే?"

"పేర్లు రాయకూడదన్నారు." ఆ పిల్ల తలెత్తలేకపోయింది. "నేను ఆ ఒక్క నిమిషం ఆగకుండా ఉండాల్సింది."

"నీకు మాత్రం స్టోర్‌కీపరు తాళం తీసేవాడా?" అంది పిన్ని.

అంతలో కుట్టుపనామె మంచం మీద కొట్టుకోవడం మొదలుపెట్టింది. పిన్ని గుమ్మం వైపు తిరిగింది. సిస్టర్ గుమ్మందాకా వెళ్లింది, వచ్చింది, సూది గుచ్చింది. రెండు నిమిషాలు. కాసేపటికి కుట్టుపనామె కళ్లు తెరిచి, దిండు గట్టిగా ఉందని సిస్టర్‌ని సాధించింది.

పిన్ని వంగి, మంచం దగ్గర్నుంచి గుమ్మందాకా పడ్డ దారాన్ని వేలికి చుట్టింది. ఉండ ఉసిరికాయంత కూడా కాలేదు.

"ఇంతేనా?" అంది.

మాపుకి అది ఎందుకూ చాలదు. కొంగున ముడేసుకుని, బకెట్టు తీసుకుంది.