రాహుకాలంలో లేచిన విమానాలు

మెల్‌బోర్న్ శివారు ట్రుగనీనాలో, గోదాములో ఫోర్క్‌లిఫ్ట్ నడిపే శేషగిరికి ఆదివారం వచ్చిందంటే ఒళ్లు తెలిసేది కాదు. పదో తరగతి గట్టెక్కని మనిషి, మూడు నగరాల తెలుగువాళ్ల చేత కంప్యూటర్లో విమానాల పందెం ఆడించేవాడు. ఎవరింట్లో వాళ్లు కూర్చుని నడపడమే గాని, తెరమీద కొండలు మాత్రం అచ్చం అసలు కొండలే. బ్రైట్ ఊరి పక్క లోయలో లేవాలి, ఫెదర్‌టాప్ శిఖరాన్ని చుట్టాలి, హోథమ్ కొండమీది విమానాశ్రయంలో దిగాలి. లోయల్లోంచే పోవాలి; దారి కలిసొస్తుందని కొండ మీదుగా దూకితే ఆట రద్దు. అందరికీ ఒకే రకం విమానం, ఒకే గాలి, ఒకే మబ్బు, ట్యాంకులో ఒకే కొలత ఇంధనం. ఒక్కొక్కరి రికార్డింగూ వేసి చూసిగాని ఫలితం చెప్పేవాడు కాదు. శేషగిరి పందెంలో మోసం సాగదని నలుగురూ అనేవాళ్లు. ఈ దేశం వచ్చాక తన గురించి ఎవరైనా అన్న మంచి మాట అదొక్కటే.

ఆ ఆదివారం కానింగ్ వేల్ హరిప్రియ గెలిచింది. పెర్త్‌లో నర్సు. రెండో స్థానం సిడ్నీలో, ద పాండ్స్‌లో ఉండే రాధాకృష్ణది. బ్యాంకులో పెద్ద ఉద్యోగం, ఓడిపోవడం అలవాటు లేని మనిషి. అందరి విమానాలూ వచ్చి కలిసే సర్వర్ ఆయన ఇంట్లోనే ఉంటుంది.

హరిప్రియ పేరు గ్రూపులో పెట్టబోతుండగా ఆయన ఫోన్ చేశాడు.

"శేషగిరి గారూ, రిజల్ట్ ఆపండి. రేస్ ఫెయిర్‌గా జరగలేదు."

"ఆ అమ్మాయి ఎక్కడ తప్పిందండీ? రికార్డింగ్ మొత్తం చూశాను."

"అమ్మాయి కాదండీ, టైమ్! మనకి నాలుగింటికి స్టార్ట్ ఇచ్చారు. చలికాలం, అయిదింటికే పొద్దుగూకుతోంది; నాలుగంటే మీకూ మాకూ నికార్సయిన రాహుకాలం. పెర్త్‌లో అప్పటికి రెండే. మేం రాహుకాలంలో లేచి, ఆవిడ మంచి టైములో లేస్తే, సేమ్ కండిషన్స్ ఎలా అవుతాయి చెప్పండి?"

శేషగిరి నవ్వాడు. అవతల నవ్వు లేదు.

"కంప్యూటర్ విమానానికి రాహుకాలం ఏంటండీ?"

"నడిపేది మనిషేగా? మొన్న కొత్త కారు తెచ్చుకోడానికి వెళ్లి, రాహుకాలం దాటేదాకా షోరూమ్ సోఫాలో కూర్చున్నారటగా! మీ ఆవిడే చెప్పింది మావాళ్లకి."

శేషగిరి ఫోన్ ఈ చెవి నుంచి ఆ చెవికి మార్చుకున్నాడు. కూర్చున్న మాట నిజమే.

"మళ్లీ పెట్టండి. లేదంటే ఇంకో సర్వర్ చూసుకోండి. తర్వాత మీ ఇష్టం."

వంటింట్లోంచి భార్య అలివేలు అందుకుంది. "ఆయనన్నదాంట్లో తప్పేముంది? పెట్టే మనిషి పంచాంగం చూసుకోవద్దూ?"

సర్వర్ పోతే పందెం లేదు. పందెం లేకపోతే తనెవడు? గోదాములో పెట్టెలెత్తేవాడు. అంతే. హరిప్రియకి ఫోన్ చేశాడు.

"కంగ్రాట్స్ చెప్పనీకె చేసిన్రా అంకుల్?" అంది సంబరంగా. "డ్యూటీకి పోతున్న, జల్ది చెప్పుండ్రి."

నీళ్లు నములుతూ విషయం చెప్పాడు.

"నేనేమన్న కొండ మీదికెల్లి దుంకిన్నా?"

"లేదమ్మా."

"ఫ్యూయల్ తక్కువ పెట్టుకున్ననా?"

"లేదు తల్లీ."

"మరి పొద్దు మా దిక్కు లేట్‌గ పొడుస్తదని నాకు పనిష్మెంటా? రేపు మళ్ల గెలిస్తె ఏమడుగుతరు అంకుల్, నా నక్షత్రమా?"

"ఒక్కసారి ఎగిరెయ్యి. మళ్లీ నువ్వే గెలుస్తావు."

"గెలుస్తనో లేదో తర్వాత ముచ్చట. మీరు ఆయనకు నో చెప్తరనుకున్న. మీరు పెట్టిన పందెమనే వచ్చిన నేను." ఫోన్ పెట్టేసింది.

శేషగిరి పంచాంగం ముందేసుకున్నాడు. మెల్‌బోర్న్‌కి బాగుంటే పెర్త్‌కి దుర్ముహూర్తం, పెర్త్‌కి బాగుంటే అందరికీ కలిపి వర్జ్యం. తలబద్దలు కొట్టుకుని, చివరికి ఎవరూ వంక పెట్టలేని ఒక ముహూర్తం తీశాడు. పెళ్లిచూపులక్కూడా అంత వెతికి ఉండడు.

హరిప్రియ రాలేదు. రాధాకృష్ణ గెలిచాడు.

శేషగిరి రికార్డింగు వేశాడు. ఎక్కడో ఒకచోట కొండ దూకి ఉంటాడు, దూకాలి, అని ఆశగా వెతికాడు. వెనక్కి తిప్పి, మెల్లగా నడిపి చూశాడు. విమానం లోయ దాటి బయటికి రాలేదు. మలుపులన్నీ గీత గీసినట్టు తిప్పాడు మహానుభావుడు. గాలి అదే, ఇంధనం అంతే.

"విజేత రాధాకృష్ణ గారు. నిబంధనలన్నీ పాటించారు" అని గ్రూపులో పెట్టాడు. అందులో అబద్ధం ఒక్క ముక్క లేదు.