వీపు మీది మరక

ఆమె పద్దెనిమిదేళ్లుగా ఆస్పత్రి లాండ్రీలో పనిచేస్తోంది. కంపుల్లో ఆమె ఎరగనిది లేదు. కళ్లు మూసి దుప్పటి చేతికిస్తే అది ఏ వార్డు నుంచి వచ్చిందో చెప్పేస్తుంది. అలాంటి మనిషి కూడా, మొగుడు బీరువా పై అరలోని ప్లాస్టిక్ సంచి విప్పి ఆ పచ్చ జెర్సీ బయటికి తీసినప్పుడల్లా ముక్కుకి కొంగు అడ్డం పెట్టుకునేది.

అది ఇరవై రెండేళ్ల కిందటి జెర్సీ. మొగుడు బస్సు డ్రైవరు. అప్పట్లో డిపో ఫుట్‌బాల్ జట్టులో డిఫెండరు. ఆ జట్టు పుట్టి బుద్ధెరిగాక గెలిచిన ఫైనల్ ఒకే ఒక్కటి, ఆ రోజు వేసుకున్నది ఇది. ఒంటి మీద నుంచి తీసి సంచిలో పెట్టాడు. ఆ తర్వాత దానికి చుక్క నీరు తగలనివ్వలేదు. టీవీలో పెద్ద మ్యాచ్ ఉంటే చాలు, తొడుక్కుని సోఫా అంచున కూర్చునేవాడు. ఆట అయ్యేదాకా వీపు వెనక్కి ఆనించేవాడు కాదు. ఉత్సాహం కాబోలు అనుకునేది ఆమె. చంకల దగ్గర ఆ గుడ్డ అట్టకట్టి ఉండేది. వీపు మీద జానెడు నల్ల మరక. ఛీ, మనిషన్నవాడు వేసుకునేదేనా అది!

"దీని కథేంటో తెలుసా నీకు? ఆ రోజు చివరి నిమిషంలో..." అని మొదలుపెట్టేవాడు అతను.

"నాకే కథా వద్దు. ముందు దాన్ని నా ముక్కుకి దూరంగా పెట్టండి. పొద్దస్తమానం అక్కడ ఇదే కంపు, ఇంటికొస్తే ఇక్కడా ఇదేనా?" అనేది ఆమె.

అతను నవ్వేసి ఊరుకునేవాడు. ఈ మధ్య మొదలుపెట్టడం కూడా మానేశాడు.

ఈ ఏడు అతనికి యాభై నిండుతున్నాయి. నిరుడు పుట్టినరోజుకి ఆమె, రంగు బాగుంది కదా అని ఓ నారింజ జెర్సీ కొనిచ్చింది. అది అతను చిన్నప్పటి నుంచి తిట్టుకునే జట్టుది. స్నేహితులంతా పొట్ట చేత్తో పట్టుకుని నవ్వారు. "పాపం, దానికేం తెలుసు" అన్నాడతను, ఆమెని వెనకేసుకొచ్చినట్టుగానే. ఆ మాట ఆమెకి ముల్లులా గుచ్చుకుంది. ఇరవై నాలుగేళ్ల కాపురం చేశాక కూడా మొగుడి ఇష్టం తెలియని మనిషైపోయింది తను. ఈసారి అతను నోరు తెరిచి, 'నా మనసు నీకెలా తెలిసింది?' అని అడిగి తీరాలి.

అందుకే బజారు సందులో మేడ మీదున్న ఆ కొట్టుకి వెళ్లింది. పెద్ద ఆటగాళ్లు మ్యాచ్‌లో వేసుకున్న జెర్సీలు అమ్ముతారక్కడ. కొట్టువాడి జుట్టు నిండా నూనె, గోళ్ల నిండా నలుపు, వేళ్ల నిండా ఉంగరాలు.

"చూడండి మేడమ్, సెమీ ఫైనల్లో వేసుకున్నది. చెమట కూడా పోలేదు" అంటూ ఓ జెర్సీ ఆమె ముఖం మీదికి తెచ్చాడు.

ఆమె వాసన చూసింది, వేలితో గీకింది. చెమట అన్నదంతా టీ డికాక్షన్. మట్టిలో కలిపింది బూటు పాలిష్.

"ఏమయ్యా, ఎవరికి చెబుతావీ కబుర్లు? ఇది మైదానం మొహం చూసిన గుడ్డేనా?"

వాడికి సిగ్గూ లేదు, ఎగ్గూ లేదు. "మీ ఆయనకి తెలియదు కదా మేడమ్" అని పళ్లికిలించాడు.

ఎంత రోత పుట్టిందంటే, ఆ మెట్ల మీదే ఉమ్మేయాలనిపించింది ఆమెకి. విసురుగా వెనక్కి తిరిగింది. తిరిగితే గోడ మీద అద్దాల పెట్టెలో బిగించిన పాత జెర్సీ ఒకటి కనిపించింది. కిందా మీదా అద్దం, ఈగ కూడా దూరదు. బుర్రలో దీపం వెలిగింది. అతని జెర్సీనే ఇలా అద్దంలో పెట్టించి ఇస్తే? అతనికి అంతకంటే ఏం కావాలి? తన ముక్కుకీ విముక్తి.

కాకపోతే ఉతక్కుండా ఎలా బిగిస్తారు? అతను డ్యూటీకి వెళ్లిన రోజున సెలవు పెట్టి, ముక్కుకి గుడ్డ కట్టుకుని కూర్చుంది.

చంకల సంగతి సులువుగానే తేలింది. వీపు మీది మరకే మొండికేసింది. పైన మట్టి, కింద గ్రీజు. ముందు పొడిగా బ్రష్ కొట్టింది. గిన్నెల సబ్బు రుద్ది నానబెట్టింది, మళ్లీ రుద్దింది. ఆ మరక ఆకారం ఎలా ఉందో ఆమె చూడలేదు. చూసే అలవాటే లేదు. పనిలో చేరిన కొత్తలో ఓ దుప్పటి మీది నెత్తురు చూసి రెండు రోజులు అన్నం మానేసింది. అప్పుడు లాండ్రీలో పాతకాపు పెద్దావిడ ఒకామె చెప్పింది, "మరక దేనిదో చూడు, ఎవరిదో చూడకు. చూశావంటే ఈ పని చెయ్యలేవు." ఆ మాట పట్టుకునే పద్దెనిమిదేళ్లు నెగ్గుకొచ్చింది. మూడో విడతకి నీళ్లలోకి నలుపంతా దిగిపోయింది. జెర్సీ చిలకలా పచ్చగా తేలింది. తన పనితనానికి తనే మురిసిపోయింది.

ఆ మురిపెంలోనే పాత జట్టు కెప్టెన్‌కి ఫోను చేసి, పుట్టినరోజుకి రమ్మంది. జెర్సీని అద్దంలో పెట్టిస్తున్నానని చెప్పింది. ఉతికానని మాత్రం చెప్పలేదు.

"ఎంత మంచి పని చేస్తున్నావు చెల్లెమ్మా! మా మెకానిక్ చెయ్యి అలా అద్దంలో భద్రంగా ఉంటుంది" అన్నాడు కెప్టెన్.

"ఎవరి చెయ్యి అన్నయ్యా?"

"అదేనమ్మా, వీపు మీదుంది కదా. మెకానిక్కి మీ ఆయనంటే ప్రాణం. షెడ్డులోంచి చేతులైనా కడుక్కోకుండా వచ్చి ఆడేవాడు. చివరి నిమిషంలో మీ ఆయన గోల్ ఆపితే, బురద చేత్తో వీపు మీద ఒక్క చరుపు చరిచాడు. ఆ నెలలోనే పోయాడు పాపం. వాడి చేతి గుర్తు చెప్పాలంటే..."

కెప్టెన్ ఇంకా ఏదో చెబుతున్నాడు. ఆమె ఫోను పెట్టేసింది. పెరట్లో తీగ మీద ఆ జెర్సీ మచ్చ లేకుండా ఆరుతోంది. తన చేతులకేసి చూసుకుంటే తనకే అసహ్యం వేసింది.

నిజం చెప్పేసి ఉండాల్సింది. చెప్పలేకపోయింది. 'పాపం, దానికేం తెలుసు' అన్న మాట మళ్లీ వినే ఓపిక ఆమెకి లేదు. మర్నాడు మళ్లీ ఆ మేడ మెట్లే ఎక్కింది.

"మొన్న మీరేగా మేడమ్ చీదరించుకున్నారు?" అన్నాడు కొట్టువాడు తాపీగా.

ఆమె జెర్సీ బల్ల మీద పడేసి, వీపు మీద బురద చేతి గుర్తు వెయ్యాలంది. "మాటలు కట్టిపెట్టి పని చూడు."

వాడు పళ్లెంలో మట్టి, పాలిష్, డికాక్షన్ కలిపాడు. ఉంగరాలు తీసి పక్కన పెట్టి, అరచెయ్యి అందులో ముంచి జెర్సీ వీపు మీద చప్పున అద్దాడు. చనిపోయిన మనిషి చెయ్యి ఉండాల్సిన చోట ఈ జిడ్డు చెయ్యి.

"అబ్బ, ఐదు వేళ్లూ ఎంత ముచ్చటగా పడ్డాయో చూడండి!" అన్నాడు వాడు. ఆమె తల తిప్పుకుంది. అప్పుడు కూడా ఆ మరకని సరిగ్గా చూడలేదు.

పుట్టినరోజు మధ్యాహ్నం కెప్టెన్, ఇద్దరు పాత స్నేహితులు వచ్చారు. మొగుడు అద్దాల పెట్టెకి చుట్టిన కాగితం విప్పాడు. లోపల పచ్చ రంగు కనబడగానే అతని కళ్లు చెమ్మగిల్లాయి. నోరు తెరిచాడు. ఆమె ఊపిరి బిగబట్టి ఆ మాట కోసం చూసింది.

అతని చూపు జెర్సీ వీపు మీదికి దిగింది. మాట రాలేదు. కెప్టెన్ వంగి చూసి, వెంటనే కిందికి చూశాడు.

"ఉతికావా?" అన్నాడు మొగుడు మెల్లగా.

ఆమె తల దించుకుంది.

అతను తన అరచెయ్యి ఆ అద్దం మీద పెట్టాడు. ఉంగరం వేలు మడిచాడు. "వాడికి ఈ వేలు లేదు. ఇంజన్ ఫ్యాన్లో పోయింది" అన్నాడు. "ఇన్నేళ్లూ నీ కళ్ల ముందే ఉంది కదే."

కోప్పడలేదు. అరిచినా బాగుండుననిపించింది ఆమెకి. నలుగురూ చూస్తున్నారని గోడకి మేకు కొట్టి తగిలించాడు, బాగుందని కూడా అన్నాడు. కెప్టెన్‌కి అన్నం సగంలోనే చాలైంది.

ఆ సాయంత్రం పెద్ద మ్యాచ్ ఉంది. ఇంట్లో ఏ కంపూ లేదు. అతను మామూలు చొక్కా వేసుకుని, టీవీ పెట్టి, సోఫాలో కూర్చున్నాడు. ఇరవై రెండేళ్లలో మొదటిసారి, వీపు పూర్తిగా వెనక్కి ఆనించాడు.