ఎర్ర గీత దాకా

నేను ఒక హద్దురాయిని. పొలానికో, ఊరికో హద్దును కాదు, ఏటికి. వరదొస్తే నీళ్లు ఎంత ఎత్తుకు రావచ్చో చెప్పడానికి నా ఒంటిమీద ఎర్ర రంగుతో గీత గీసి, ఏటి పక్క కాలనీలో పాతారు. అంతకుముందు కొండలో ఉండేదాన్ని. అక్కడ నాకు తెలిసిన నీళ్లల్లా వాన చినుకులే. అందుకేనేమో, గీత పడ్డ రోజు నుంచి ఏరెప్పుడొచ్చి నన్ను తాకుతుందా అని కలలు కంటూ నిలబడ్డాను.

ఏళ్లు గడిచాయి. ఏరు రాలేదు. పక్కింటి తిరుపతమ్మ తన ఆవు చుక్కను నాకు కట్టేసేది. అది మెడ దురద నామీద తీర్చుకునేది. సర్కారు పాతిన రాయికి చివరికి దక్కిన ఉద్యోగం అదీ! నిజం చెప్పొద్దూ, నాకది బాగానే ఉండేది.

ఒకరోజు నా ఇవతలి ఖాళీ స్థలంలోకి బస్సు కండక్టరు పానకాలరావు, ఆయన భార్య విశాలాక్షి వచ్చారు. అక్కడ సొంత ఇల్లు కట్టుకోవాలని వాళ్ల కోరిక. అనుమతి కోసం చూడటానికొచ్చిన ఇంజనీరమ్మ నా గీతమీద వేలు పెట్టింది.

“ఇల్లు స్తంభాల మీద, దీనికన్నా ఎత్తులో కట్టుకోండి. కింద మాత్రం మట్టి పోయొద్దు. వరదొస్తే నీళ్లు ఆ ఖాళీలోంచి పోవాలి. మీరు అడ్డం పెడితే పక్కవాళ్ల మీదకి మళ్లుతాయి.”

పానకాలరావు బుద్ధిగా తలూపాడు. అలాగే కట్టాడు కూడా. ఏరు దాటబోతూ కుచ్చిళ్లు ఎత్తిపట్టుకున్న మనిషిలా ఆ ఇల్లు నా పక్కన లేచి నిలబడింది. పొద్దస్తమానం దాన్నే చూస్తూ ఉండేదాన్ని.

తీరా గృహప్రవేశం దగ్గరపడ్డాక విశాలాక్షి గుండెమీద చెయ్యేసుకుంది. “ఏవండీ, ముందు ఆవు కదా గడప దాటాలి! ఈ నిలువు మెట్లు అదెట్టా ఎక్కుద్ది?”

సిమెంటు, ఇనుము, ఇసుక అన్నీ గుర్తున్నాయి గానీ, ప్లాను గీసేటప్పుడు ఆవు ఒక్కరికీ తట్టలేదు. పానకాలరావు బుర్ర గోక్కుని, ట్రాక్టర్లతో మట్టి తోలించి, నా పక్కనుంచి గుమ్మం దాకా ఏటవాలుగా కట్ట వేయించాడు. “రెండ్రోజులేగా, పని కాగానే తీసేద్దాం” అన్నాడు. మనుషుల రెండ్రోజులు ఎంత పొడుగో నాకు తెలుసు. కొండలు కూడా అంత తీరిగ్గా ఉండవు.

గృహప్రవేశం రోజు చుక్కకు పసుపు రాసి, కొమ్ములకు పూలు చుట్టి నడిపించారు. అది సగం దాకా ఎక్కి, ఆగి, పేడ వేసి, వెనక్కి తిరిగింది. బతిమాలినా, బెల్లం చూపించినా వినలేదు. ముహూర్తం దాటిపోతుందని పురోహితుడుగారు “లక్ష్మి అక్కడే కొలువైంది, శుభం” అనేశారు. విశాలాక్షి మాత్రం చిన్నబోయింది. ప్యాకెట్ పాలు పొంగించి, ఆవు అడుగుపెట్టని ఇంట్లో కాపురం మొదలుపెట్టింది.

కట్ట తీయలేదు. మొదట స్కూటరు ఎక్కించడానికి వీలుగా ఉందన్నారు. తరవాత దాని అంచుల్లో బంతి నారు వేశారు. పూలు పూశాక ఇంకెవరు తీస్తారు?

శ్రావణంలో ఎగువన ముసురు విడవలేదు. ఒక మధ్యాహ్నం ఏరు చప్పుడు లేకుండా కాలనీలోకి వచ్చింది. నా పాదం తడిసింది. ఎన్నాళ్ల కల! ఒళ్లంతా తేలికైపోయింది. కానీ ఆ నీళ్లు స్తంభాల మధ్యకు వెళ్లి, కట్టకు తగిలి ఆగి, మెల్లగా తిరుపతమ్మ ఇంటివైపు మళ్లాయి. ఆమెది మట్టిగోడల ఇల్లు. నా సంతోషం అక్కడితో సరి. భయం వేసింది.

“అన్నయ్యా! మీ కట్ట నీళ్లన్నీ మా మీదకి తోస్తంది! గోడ నానిపోతంది, మా అత్త తనంతట లేవలేదు!” అంటూ తిరుపతమ్మ కేకలు పెట్టింది.

పానకాలరావు పరుగున దిగాడు. ముసలమ్మను చేతుల మీద ఎత్తుకొచ్చాడు. తిరుపతమ్మ నా మెడలోని పలుపు విప్పింది. “ముందుకు జరగండి, ముందుకు జరగండి” అని పానకాలరావు బస్సులో అలవాటుకొద్దీ అరుస్తూ అందరినీ కట్టమీదుగా పైకి పంపాడు. చుక్క ఎవరూ తోలకుండానే గబగబా ఎక్కి, గడప దాటి, హాల్లో నిలబడింది. విశాలాక్షి గబుక్కున దానికి చేతులు జోడించింది.

పానకాలరావు పలుగు అందుకున్నాడు.

“ఏవండీ, మరి ఆవు దిగేదెట్టా?”

“దాని సంగతి తర్వాత. ముందు వాళ్ల గోడ నిలబడాలి.”

విశాలాక్షి కొంగు దోపుకుని, పార తెచ్చి, తన బంతిమొక్కల మీదే మొదటి దెబ్బ వేసింది. కట్ట తెగింది. నీళ్లు దారి దొరికిందన్నట్టు ఇంటి కిందుగా పోయాయి. మట్టిగోడ చెమ్మగా, నల్లగా, అలాగే నిలబడింది. చీకటిపడే వేళకు నీళ్లు నా ఎర్ర గీతను తాకి, కాసేపు అక్కడే ఆగాయి. ఆ కాసేపూ నేను రాయినన్న సంగతే మర్చిపోయాను.

తెల్లారి పై ఇంట్లో చుక్క ఇచ్చిన పాలు పొంగాయి. ముసలమ్మ కోసం కాస్తున్న విశాలాక్షి, మంట తగ్గించకుండా అలాగే చూస్తూ ఉండిపోయిందట.

నీళ్లు తీశాక చెక్కలు పరిచి, ఎన్నో తిప్పలు పడి చుక్కను దింపారు. మిగిలిన మట్టి కూడా ఎత్తించేశారు. చుక్క మళ్లీ నా దగ్గరికే వచ్చింది. మెడ రుద్దీ రుద్దీ నా గీతను వెలవెలబోయేలా చేసింది. మొన్న విశాలాక్షే రంగు డబ్బా తెచ్చి, కొత్తగా గీసింది. అది ఆరేదాకా చుక్క ఆగితేగా?

ఇప్పుడు నా గీత ఆవు మెడమీద ఎక్కి కాలనీ అంతా తిరుగుతోంది.